పరిశోధన ఫలితాలను కలిపి చెప్పాలంటే ఏ పద్ధతి? సమీక్ష నుంచి మెటా విశ్లేషణ దాకా ఒక ఎంపిక సలహా

హన్మకొండలో నా దగ్గరకు వచ్చే పరిశోధక విద్యార్థుల చేతిలో చాలాసార్లు ఒక మందపాటి ఫైలు ఉంటుంది. అందులో ఇరవయ్యో ముప్పయ్యో పరిశోధన పత్రాలు. వైద్య విద్యార్థి అయితే మధుమేహం మందు గురించి, వ్యవసాయ విద్యార్థి అయితే పత్తిలో సాళ్ల మధ్య దూరం గురించి, విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నవారైతే మాతృభాషలో బోధన గురించి. కూర్చోగానే అడిగేది మాత్రం ఒకటే: "సార్, వీటితో మెటా అనాలిసిస్ చేయవచ్చా?"

మెటా అనాలిసిస్, అంటే మెటా విశ్లేషణ: వేర్వేరు అధ్యయనాల అంకెలను గణాంక పద్ధతిలో కలిపి ఒక్క జవాబు తీయడం. కంప్యూటర్‌ను అడిగితే ఎప్పుడూ చేయవచ్చనే అంటుంది. ఏ అంకెలు ఇచ్చినా సగటు తీసి పెడుతుంది. మనం అడగవలసిన ప్రశ్న వేరు: ఈ పత్రాలన్నిటినీ ఒక్క సంఖ్యగా మారిస్తే, ఆ సంఖ్య ఎవరి గురించి చెబుతున్నట్టు? దీనికి జవాబు దొరికితే పద్ధతి దానంతట అదే తేలుతుంది. ఇప్పుడు అందుబాటులో ఉన్న దారులు ఆరు. వాటిలో ఏది ఎవరికి సరిపోతుందో నా అనుభవం కొద్దీ చెబుతాను.

ముందుగా చూసుకోవలసినవి

మొదటిది ప్రశ్న వెడల్పు. "బడి పిల్లల్లో రక్తహీనత గురించి ఏం తెలుసు?" అన్నది వెడల్పైన ప్రశ్న. "వారానికోసారి ఇనుము మాత్ర ఇస్తే ఆరు నెలల్లో హిమోగ్లోబిన్ ఎంత పెరుగుతుంది?" అన్నది ఇరుకు ప్రశ్న. ఇరుకు ప్రశ్నకే సంఖ్య జవాబుగా వస్తుంది.

రెండోది, అధ్యయనాలు ఒకదానికొకటి ఎంత దగ్గరివి అన్నది. ఎనుమాముల మార్కెట్‌లో తేజ మిర్చి, చపాటా మిర్చి వేర్వేరు రాశులుగానే పోస్తారు. ఒకటి ఘాటుకు పేరుపడింది, మరొకటి రంగుకు. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ రంగు మిర్చికే. రెండిటినీ ఒకే రాశి పోసి "సగటు ఘాటు" లెక్కగడితే ఆ అంకె ఏ బస్తాకూ వర్తించదు. పరిశోధన పత్రాల విషయంలోనూ అంతే. రోగులు, మోతాదు, పోలిక, కొలిచిన ఫలితం ఈ నాలుగింటిలో పత్రాలు ఎక్కడెక్కడ వేరుపడుతున్నాయో ముందు కాగితం మీద రాసుకోవాలి.

మూడోది అంకెల లభ్యత. సగటు ఒక్కటే ఇచ్చి, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) గానీ విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల హద్దులు) గానీ ఇవ్వని పత్రం లెక్కలో చేరడం కష్టం.

నాలుగోది సమయం, సహచరుడు. పత్రాల ఎంపిక, అంకెల సేకరణ ఇద్దరు విడివిడిగా చేసి పోల్చుకోవాలి. ఒక్కరే చేసిన క్రమబద్ధ సమీక్షను (ముందే రాసుకున్న నియమాలతో పత్రాలను వెతికి, ఏరి, నాణ్యత చూసే సమీక్షను) మంచి పత్రికలు అనుమానంగా చూస్తాయి, చూడాలి కూడా. సమీక్షల ప్రణాళికలను ముందే నమోదు చేసుకునే ప్రాస్పెరో అనే అంతర్జాతీయ పట్టికలోని సమీక్షలను పరిశీలించి 2017లో వెలువడిన ఒక అధ్యయనం, నమోదు నుంచి ప్రచురణ దాకా సగటున 67 వారాలు పట్టిందని లెక్కగట్టింది. ఏడాదికి పైమాటే. "మూడు నెలల్లో మెటా విశ్లేషణ" అని ఎవరైనా మాట ఇస్తే, ఏ మెట్టు వదిలేస్తున్నారని అడగండి.

మదనపల్లె చెప్పే పాఠం

దారులను పోల్చే ముందు ఒక ఉదాహరణ చూడాలి, ఎందుకంటే మిగతా సలహా అంతా దీని మీదే నిలబడుతుంది. మెటా విశ్లేషణ నేర్పేవారు ప్రపంచమంతటా వాడే దత్తాంశాల్లో (డేటాల్లో) ఒకటి క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాది. మొత్తం 13 ప్రయోగాలు. వాటిలో ఒకటి తెలుగు నేలది: మదనపల్లె దగ్గర జరిగి, 1973లో ఫలితాలు వెలువడినది. ఇంకొకటి తమిళనాడులోని చెంగల్పట్టుది, 1980లో వచ్చింది.

బ్రిటన్ బడి పిల్లల మీద జరిగిన ప్రయోగంలో టీకా క్షయ ముప్పును నాలుగో వంతుకు తగ్గించింది. చెంగల్పట్టులో టీకా వేసిన 88,391 మందిలో 505 మందికి, వేయని 88,391 మందిలో 499 మందికి వ్యాధి వచ్చింది. అంటే అక్కడ రక్షణ కనిపించనే లేదు. మదనపల్లెలో ముప్పు సుమారు ఐదో వంతు తగ్గినట్టు కనిపించినా, అది యాదృచ్ఛికమేమో అన్న సందేహం తీరలేదు.

ఈ పదమూడింటినీ కలిపితే? అన్ని ప్రయోగాల వెనకా ఒకే ప్రభావం ఉందనుకునే స్థిర ప్రభావ నమూనాలో సాపేక్ష ముప్పు (వేయనివారి ముప్పుతో పోలిస్తే టీకా వేసినవారి ముప్పు) 0.65 వస్తుంది. ప్రభావం చోటునుబట్టి మారవచ్చనుకునే యాదృచ్ఛిక ప్రభావ నమూనాలో 0.49. దత్తాంశం ఒకటే అయినా ఒక లెక్క 35 శాతం రక్షణ అంటుంది, మరొకటి 51 శాతం అంటుంది. కారణం భారాల పంపకం, అంటే సగటులో ఏ ప్రయోగానికి ఎంత ప్రాధాన్యం ఇస్తామన్నది. స్థిర నమూనా ఒక్క చెంగల్పట్టు ప్రయోగానికే సుమారు 41 శాతం భారం ఇస్తుంది. యాదృచ్ఛిక నమూనా దాన్ని సుమారు 10 శాతానికి కుదించి, మదనపల్లె వంటి చిన్న ప్రయోగాలకు భారం పెంచుతుంది.

అసలు సంగతి ఇంకా లోతున ఉంది. ఈ ఫలితాల మధ్య తేడాల్లో 92 శాతం యాదృచ్ఛిక ఊగిసలాటతో వచ్చింది కాదని ఐ-స్క్వేర్ కొలమానం చెబుతుంది. 1994లో ఈ ప్రయోగాలను కలిపి విశ్లేషించినవారు, భూమధ్యరేఖకు దూరమైన కొద్దీ టీకా రక్షణ పెరుగుతున్నట్టు గమనించారు. వేడి ప్రాంతాల మట్టిలో, నీటిలో ఉండే క్షయేతర మైకోబాక్టీరియాలతో ముందే పరిచయం ఏర్పడటం ఇందుకు కారణం కావచ్చన్నది ఒక వివరణ. అంటే 51 శాతం అన్న అంకె లండన్‌కూ సరిపోదు, వరంగల్‌కూ సరిపోదు. కొత్త ప్రాంతంలో ఎంత ప్రభావం ఉండవచ్చో చెప్పే అంచనా అంతరం 0.15 నుంచి 1.55 దాకా సాగుతుంది: ఆ ప్రాంతంలో టీకా అద్భుతంగా పనిచేయవచ్చు, అసలు పనిచేయకపోవచ్చు.

(పసిపిల్లల్లో మెదడు పొరల క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి బీసీజీ ఇచ్చే రక్షణ వేరే విషయం. మన దేశంలో పుట్టగానే ఆ టీకా వేస్తున్నది అందుకే. ఈ ఉదాహరణ చదివి ఎవరూ టీకా మానేయకూడదు.)

దారులు ఒక్కచూపులో

| పద్ధతి | ఎలాంటి ప్రశ్నకు | శ్రమ | పెద్ద ప్రమాదం |
|---|---|---|---|
| సంప్రదాయ సమీక్ష | నేపథ్యం, సిద్ధాంతం, చరిత్ర | ఒక్కరు, కొన్ని వారాలు | నచ్చినవే ఏరుకోవడం |
| స్కోపింగ్ సమీక్ష | ఏమేం జరిగింది, ఖాళీలెక్కడ | ఇద్దరు, కొన్ని నెలలు | ఎంత ప్రభావమో చెప్పలేదు |
| సంఖ్యలు కలపని క్రమబద్ధ సమీక్ష | ప్రశ్న స్పష్టం, పత్రాలు భిన్నం | ఇద్దరు, ఏడాది వరకు | ఓట్ల లెక్కలోకి జారడం |
| మెటా విశ్లేషణ | ఎంత ప్రభావం, ఎంత నమ్మకం | ఇద్దరు ముగ్గురు, ఏడాదికి పైన | కలపకూడనివి కలపడం |
| మూల దత్తాంశంతో మెటా విశ్లేషణ | ఎవరికి ఎక్కువ ఉపయోగం | పెద్ద బృందం, ఏళ్లు | దత్తాంశం ఇవ్వనివారు |
| నెట్‌వర్క్ మెటా విశ్లేషణ | అనేక చికిత్సల్లో ఏది మేలు | గణాంక నిపుణుడు తప్పనిసరి | పరోక్ష పోలిక మీద అతి నమ్మకం |

సంప్రదాయ సమీక్ష, స్కోపింగ్ సమీక్ష

వీటిని చిన్నచూపు చూడకండి. సిద్ధాంత గ్రంథంలో రెండో అధ్యాయానికి సంప్రదాయ సమీక్ష చాలు. ఒక భావన ఎలా మారుతూ వచ్చిందో చెప్పాలంటే అదే సరైన రూపం. అయితే "అందువల్ల ఈ మందు పనిచేస్తుంది" అని తేల్చే అర్హత దానికి లేదు.

కొత్త విషయం మీద పత్రాలు చెల్లాచెదురుగా ఉంటే స్కోపింగ్ సమీక్ష మంచిది. ములుగు, భూపాలపల్లి ప్రాంతాల గిరిజన ఆరోగ్యం లాంటి అంశానికి నేను మొదట సూచించేది ఇదే. ఇందులో ఎవరు ఏ ఊళ్లో ఏం కొలిచారో పటం గీస్తారు. ప్రాస్పెరోలో స్కోపింగ్ సమీక్షలను నమోదు చేయరు కనుక ప్రణాళికను ఓఎస్‌ఎఫ్ (పరిశోధన ప్రణాళికలను భద్రపరిచే వెబ్‌సైటు) వంటి చోట పెట్టుకోవాలి.

సంఖ్యలు కలపని క్రమబద్ధ సమీక్ష

వెతకడం, ఏరడం, నాణ్యత చూడడం అన్నీ మెటా విశ్లేషణలో లాగే ఇందులోనూ ఉంటాయి. చివరన ఒక్క అంకె ఉండదు, అంతే. నా దృష్టిలో మన దగ్గర తక్కువగా వాడుతున్న, ఎక్కువగా వాడవలసిన దారి ఇది. ఫలితాన్ని ఒక్కొక్కరు ఒక్కో విధంగా కొలిచినప్పుడు, ఉన్నవే నాలుగైదు పత్రాలు అయినప్పుడు దీని దగ్గర ఆగిపోవడమే నిజాయతీ. ఇలాంటి సమీక్షను ఎలా నివేదించాలో చెప్పే స్విమ్ మార్గదర్శకం 2020 నుంచి ఉంది.

ఒక గుంట మాత్రం దాటాలి. "పది పత్రాల్లో ముగ్గురు అవునన్నారు, ఏడుగురు కాదన్నారు, కాబట్టి కాదు" అనే ఓట్ల లెక్క. మందు నిజంగా పనిచేస్తుందనుకోండి. కానీ ప్రతి ప్రయోగం చిన్నది, ఆ ప్రభావాన్ని పట్టుకునే అవకాశం ఒక్కోదానికి 30 శాతమే. అప్పుడు పదింట్లో సగటున మూడే "గణనీయం" (యాదృచ్ఛికమని కొట్టిపారేయలేని తేడా) అంటాయి. ఓటింగులో నిజం ఓడిపోతుంది. ఇంతకంటే కలవరపెట్టే విషయాన్ని హెడ్జెస్, ఓల్కిన్ 1980లో చూపించారు: ఇలాంటి చిన్న ప్రయోగాలు ఇంకా ఇంకా చేరే కొద్దీ ఓట్ల లెక్క తప్పు జవాబు వైపే గట్టిపడుతుంది. "గణనీయం కాదు" అన్నదాన్ని "ప్రభావం లేదు" అని చదివే అలవాటు మన తరగతి గదుల్లో ఇప్పటికీ ఉంది. అది పోవాలి.

మెటా విశ్లేషణ

ఈ పేరు పెట్టింది 1976లో జీన్ గ్లాస్. పని మాత్రం అంతకంటే పాతది. 1904లోనే కార్ల్ పియర్సన్, భారతదేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ ఉన్న బ్రిటిష్ సైనికుల టైఫాయిడ్ టీకా ఫలితాలను కలిపి చూశాడు.

ఇది సరైన చోట ఎంత బలమైనదో గుండెపోటు చికిత్సలో రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ మందు కథ చెబుతుంది. 1959 నుంచి 1988 వరకు దాని మీద 33 ప్రయోగాలు జరిగాయి. 1992లో వాటిని వచ్చిన వరుసలో ఒక్కొక్కటిగా కలుపుతూ పోయి చూస్తే, మరణాలు తగ్గుతున్నాయని 1973 నాటికే, ఎనిమిది ప్రయోగాలు, 2,432 మంది రోగులతోనే తేలిపోయినట్టు కనిపించింది. ఆ తర్వాత పదిహేనేళ్ల పాటు వేలాది మందిని ప్రయోగాల్లో చేర్చారు. వారిలో సగం మందికి ఆ మందు అందలేదు. ఈ వాక్యం తరగతిలో చెప్పినప్పుడల్లా నాకు గొంతు బరువెక్కుతుంది. ఉన్న జ్ఞానాన్ని సకాలంలో కలిపి చూడకపోవడానికీ ప్రాణాలతో మూల్యం ఉంటుంది.

ఇదే పద్ధతి మోసపోయిన కథ మెగ్నీషియానిది. గుండెపోటు రోగులకు మెగ్నీషియం ఇస్తే మరణాలు సగానికి పైగా తగ్గుతాయని 1991లో ఏడు చిన్న ప్రయోగాల మెటా విశ్లేషణ చెప్పింది. 1995లో ఐసిస్-4 అనే ప్రయోగం 58,050 మంది మీద పరీక్షిస్తే ఉపయోగం కనిపించలేదు. చిన్న ప్రయోగాల్లో మంచి ఫలితం వచ్చినవే అచ్చుకు నోచుకునే అవకాశం ఎక్కువ. అచ్చయినవే కలిపితే సగటు తీపెక్కుతుంది. ఫన్నెల్ ప్లాట్ (ఒక్కో ప్రయోగం ఫలితాన్ని దాని ఖచ్చితత్వంతో పాటు ఒక్కో చుక్కగా చూపే పటం) ఈ లోపాన్ని కొంత పట్టిస్తుంది కానీ, పది అధ్యయనాల కంటే తక్కువ ఉంటే దాన్ని నమ్ముకోలేం. మన దేశపు ప్రయోగాల విషయంలో 2007 నుంచి ఉన్న సీటీఆర్‌ఐ నమోదు పట్టికను వెతకండి. నమోదై, ఫలితం అచ్చుకాని ప్రయోగాలు అక్కడ కనిపిస్తాయి.

మిర్చి రాశిలోంచి తాలు కాయ ఏరకుండా కాంటా వేస్తే బరువు వస్తుంది, సరుకు రాదు. నాణ్యత పరిశీలన కూడా అంతే. కోవిడ్ కాలంలో ఐవర్‌మెక్టిన్ మందు మీద ఈజిప్టు నుంచి వచ్చిన ఒక ముందస్తు పత్రాన్ని (నిపుణుల పరిశీలన కాకముందే బయటపెట్టిన ప్రిప్రింట్‌ను) 2021 జూలైలో ఉపసంహరించారు. అప్పటికే అది పలు మెటా విశ్లేషణల్లో చేరి, వాటి ఫలితాన్ని ఒక వైపు లాగింది.

ఇక నమూనా ఎంపిక. అన్ని అధ్యయనాల వెనకా ఒకే నిజమైన ప్రభావం ఉందని నమ్మగలిగితేనే స్థిర ప్రభావం తీసుకోండి. ఒకే నియమావళితో, ఒకే తరహా రోగుల మీద జరిగిన ప్రయోగాలకు అది సరిపోవచ్చు. ఊరూ కాలమూ మోతాదూ మారినప్పుడు యాదృచ్ఛిక ప్రభావమే వాస్తవానికి దగ్గర. ఐ-స్క్వేర్ ఎంత వచ్చిందో చూసి నమూనా మార్చడం మాత్రం తప్పు. ఆ నిర్ణయం ప్రణాళికలోనే రాయాలి. అధ్యయనాలు మూడు నాలుగే ఉంటే వాటి మధ్య తేడాను అంచనా వేయడం కష్టం, మామూలు విశ్వాస అంతరం మరీ ఇరుకుగా వస్తుంది. ఆ అంతరాన్ని సరిదిద్దే హార్టుంగ్-న్యాప్ సవరణ వాడండి, లేదా కలపడం మానండి. నేనైతే ఎక్కువసార్లు మానమనే చెబుతాను. యాదృచ్ఛిక నమూనా ఎంచుకుంటే అంచనా అంతరం తప్పక ఇవ్వండి. సగటు చుట్టూ ఉన్న విశ్వాస అంతరం పాఠకుడికి ధైర్యం ఇస్తుంది, అంచనా అంతరం నిజం చెబుతుంది.

చివరి రెండు

మూల దత్తాంశంతో చేసే విశ్లేషణలో పత్రంలోని సగటులు కాదు, ఒక్కొక్క రోగి వివరాన్నీ తెచ్చి కలుపుతారు. రొమ్ము క్యాన్సర్ ప్రయోగాల మీద 1980ల నుంచి అంతర్జాతీయ బృందం ఇలా పనిచేస్తోంది. వయసునుబట్టి, వ్యాధి దశనుబట్టి ఎవరికి మేలో ఇదే బాగా చెప్పగలదు. ఒంటరి విద్యార్థికి ఇది అందని పని, ఒక్క సందర్భంలో తప్ప. దాని గురించి కింద చెబుతాను.

నెట్‌వర్క్ మెటా విశ్లేషణ మొదటి మందును రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో పోల్చిన ప్రయోగాల నుంచి మొదటిదానికీ మూడోదానికీ మధ్య తేడా రాబడుతుంది. 2018లో 21 కుంగుబాటు మందులను 522 ప్రయోగాలు, 1,16,477 మంది రోగుల దత్తాంశంతో ఇలా పోల్చారు. పోల్చిన ప్రయోగాల్లో రోగులు ఒకే తరహావారు కాకపోతే ఈ వంతెన కూలుతుంది. గణాంకశాస్త్రంలో తోడు లేనివారు దీని జోలికి వెళ్లవద్దు.

ఎవరికి ఏది

ఎండీ చేస్తున్నవారికి: సమీక్షను సిద్ధాంత గ్రంథంగా అంగీకరిస్తారా అని మొదట మీ మార్గదర్శకుడినీ, విశ్వవిద్యాలయ నిబంధననూ అడగండి. అంగీకరించకపోతే గ్రంథంగా సొంత అధ్యయనం చేసి, పక్కన తోటి విద్యార్థితో కలిసి చిన్న, ఇరుకు ప్రశ్న మీద క్రమబద్ధ సమీక్ష మొదలుపెట్టండి. ప్రాస్పెరోలో ముందే నమోదు చేయండి. సంఖ్యలు కలపాలా వద్దా అన్నది పత్రాలు చేతికొచ్చాక తేల్చుకునేలా షరతును ప్రణాళికలోనే రాయండి.

విద్యాశాస్త్రం, సామాజిక శాస్త్రాల్లో పీహెచ్‌డీ చేస్తున్నవారికి: మీ పత్రాల్లో కొలతలు ఒక్కొక్కరివి ఒక్కో రకం. ప్రామాణీకరించిన సగటు తేడాతో అన్నిటినీ ఒక కొలతకు తేవచ్చు, కానీ ఆ అంకెకు అర్థం చెప్పడం కష్టం. స్కోపింగ్ సమీక్షతో మొదలుపెట్టి, దగ్గరగా ఉన్న గుంపు దొరికితే దానికే మెటా విశ్లేషణ చేయండి. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. "పత్రం దొరకలేదు" అని అనుకునే ముందు మీ గ్రంథాలయంలో అడగండి.

వ్యవసాయ పరిశోధకులకు: పైన చెప్పిన ఒక్క సందర్భం మీదే. వరంగల్, జగిత్యాల, ఆదిలాబాద్ పరిశోధన స్థానాల్లో ఒకే ప్రయోగం జరిగి ఉంటే, ప్రతి మడి దిగుబడీ రిజిస్టర్లలో ఉంటుంది. అప్పుడు అచ్చయిన సగటులను ఎందుకు కలపడం? మూల దత్తాంశమే తీసుకుని స్థానం, సంవత్సరం చేర్చి ఉమ్మడి విశ్లేషణ చేయండి. యేట్స్, కాక్రన్ 1938లో వ్యవసాయ ప్రయోగాల సమూహాలకు దారి చూపింది ఇలాగే. బయటి పత్రాలు కలపవలసి వస్తే, వాటిలో ప్రామాణిక విచలనం లేకపోయినా సి.డి. (క్రిటికల్ డిఫరెన్స్: రెండు సగటుల తేడా గణనీయం కావడానికి కావలసిన కనీస తేడా) విలువ ఇచ్చి ఉంటారు. దాన్ని తగిన టీ-విలువతో భాగిస్తే రెండు సగటుల తేడాకు ప్రామాణిక దోషం (ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) వస్తుంది. దీన్నిబట్టి లెక్కలో చేర్చగలిగిన పత్రాలను "అంకెలు లేవు" అని పక్కన పెట్టడం చాలాసార్లు చూశాను.

అలాగే సగటుకు తేదీ ఉంటుందని మరవకండి. జన్యుమార్పిడి పంటల మీద 147 అధ్యయనాలను కలిపి 2014లో వచ్చిన మెటా విశ్లేషణ, పురుగుమందుల వాడకం 37 శాతం తగ్గిందని, దిగుబడి 22 శాతం పెరిగిందని చెప్పింది. అది ఆ అధ్యయనాలు జరిగిన కాలపు చిత్రం. బీటీకి లొంగని గులాబీ రంగు పురుగు పత్తి కాయల్లో కనిపిస్తున్న ఈనాటి చేనుకు ఆ అంకెను నేరుగా తెచ్చి అతికించలేం.

చేయడం కాదు, చదివి నిర్ణయం తీసుకోవలసిన వైద్యులకు: ఫారెస్ట్ ప్లాట్‌లో (ఒక్కో ప్రయోగాన్ని ఒక్కో గీతగా, కలిపిన ఫలితాన్ని వజ్రం గుర్తుగా చూపే పటంలో) కింద ఉన్న వజ్రం దగ్గర ఆగిపోకండి. పైన ఉన్న వరుసల్లో మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే మనుషుల్లాంటివారు ఏ ప్రయోగంలో ఉన్నారో వెతకండి. ఉంటే ఆ గీత ఎటు ఉందో చూడండి. చెంగల్పట్టు గీత లాంటిది మీకు ఎదురుకావచ్చు.

పనిముట్లు, మొదటి రెండు వారాలు

డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనవలసిన అవసరం లేదు. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్, దానిలోని మెటాఫర్ ప్యాకేజీ ఉచితం. బీసీజీ దత్తాంశం దానితోనే వస్తుంది, మదనపల్లె వరుసతో సహా. కోడ్ రాయడం భయమనిపిస్తే జాస్ప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితమే.

లెక్క కంటే అంకెల సేకరణలోనే తప్పులు జరుగుతాయి. నా మొదటి విశ్లేషణలో ఒక పత్రంలోని ప్రామాణిక దోషాన్ని ప్రామాణిక విచలనంగా రాసుకున్నాను. ఆ చిన్న అధ్యయనం ఎంతో ఖచ్చితమైనదన్నట్టు భారమంతా లాగేసుకుంది. రెండో వ్యక్తి విడిగా సేకరించిన పట్టికతో పోల్చినప్పుడే అది బయటపడింది.

అందుకే ఫైలుతో వచ్చినవారికి నేనిచ్చే మొదటి పని ఇది. మీ పత్రాల్లో ఐదు తీయండి. మీరొకరు, మీ స్నేహితులొకరు విడివిడిగా ఒక్కో వరుసలో రాయండి: ఎవరి మీద, ఏమిచ్చారు, దేనితో పోల్చారు, ఎప్పుడు కొలిచారు, సగటు, విచలనం, సంఖ్య. రెండు వారాల తర్వాత రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని రండి. ఐదింటిలో మూడింటికైనా అన్ని గడులూ నిండి, ఇద్దరి అంకెలూ కలిస్తే మెటా విశ్లేషణ గురించి మాట్లాడదాం. గడులు ఖాళీగా ఉంటే సంఖ్యలు కలపని క్రమబద్ధ సమీక్ష. ఐదు పత్రాలూ ఐదు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నట్టు కనిపిస్తే స్కోపింగ్ సమీక్ష.